బ్యాండు మేళం నుంచి డీజే దాకా: పాటలో ఎవరి హక్?

మా ఆపా కొడుకు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న రంజాన్‌కి ఇంటికొచ్చాడు. ఇఫ్తార్ అయ్యాక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపుతుంటే ఏం వింటున్నావురా అని అడిగాను. "రాక్ బ్యాండ్ పాటలు మామూ. ఒరిజినల్ కాదు, రీమిక్స్" అన్నాడు. లింకిన్ పార్క్ అని అమెరికా బ్యాండట. 2000లో వాళ్ల మొదటి ఆల్బం 'హైబ్రిడ్ థియరీ' వచ్చింది. రెండేళ్లకు అవే పాటల్ని డీజేలకు, ర్యాపర్లకు ఇచ్చి విడగొట్టించి, మళ్లీ కట్టించి 'రీఅనిమేషన్' పేరుతో ఇంకో ఆల్బం వేశారు. పాటల పేర్లలో కూడా అక్షరాలు ఎగరగొట్టి కొత్తగా రాశారు.

బ్యాండ్ అనగానే వాడి కళ్లకు గిటార్లు కనపడతాయి. నా కళ్లకు జరీ అల్లిక కుట్టిన ఎర్రకోట్లు, నెత్తి మీద పెట్రోమాక్స్ లైట్లు మోసే కుర్రాళ్లు కనపడతారు. మాది బ్యాండు మేళం ఖాందాన్. మా మామూ, అంటే అమ్మీకి అన్న, రాజమండ్రిలో క్లారినెట్ వాయించేవాడు.

మా వాడు ఫోన్లో పాటల చిట్టా చూపించాడు. ప్రతి పాట కింద అసలు బ్యాండు పేరుంది, దాన్ని మార్చినవాడి పేరూ ఉంది. అది చూశాక నాకు చాయ్ గొంతు దిగలేదు. ఇరవై రెండేళ్ల కిందట నేను కూడా ఒక రీమిక్స్‌లో చెయ్యి పెట్టాను. దాని మీద ఉండాల్సిన ఒక పేరు లేదు. రాయకుండా వదిలేసింది నేనే. ఆ సంగతి చెప్పాలంటే ముందు తారీఖ్ చెప్పాలి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. మా గోదావరి వాళ్లకు తారీఖ్ లెక్కపెట్టుకునే పద్ధతి ఒకటుంది: పుష్కరం నుంచి పుష్కరానికి. నేనూ అలాగే చెప్తాను.

1991 పుష్కరాలు. నాకు పదకొండేళ్లు. ఉర్దూ మీడియం స్కూల్లో చదువుతున్నా. సెలవు దొరికితే మామూ వెంట పెళ్లిళ్లకు పోయేవాణ్ణి. కొవ్వూరు, నిడదవోలు, రావులపాలెం, అమలాపురం, కాలవగట్ల మీద ఎన్ని ఊళ్లు తిరిగామో. నా పని సైడ్ డ్రమ్ము మోయడం. నా ఆశ ఊరేగింపు అయ్యాక పెట్టే పూతరేకులు.

ఈ బ్యాండు మేళం మన దగ్గర పుట్టింది కాదు. ఇంగ్లీషు పల్టన్లతో వచ్చింది. కవాతు కోసం తెచ్చిన క్లారినెట్లు, ట్రంపెట్లు, పెద్ద డ్రమ్ములు కంటోన్మెంట్ గోడలు దాటి బారాత్‌లలోకి వచ్చేశాయి. వాటిని తయారుచేసే పేరున్న ఊరు మీరట్. అక్కడ నాదిర్ అలీ అనే ఫౌజీ బ్యాండు మాస్టర్ 1885లో పెట్టిన కంపెనీ ఇప్పటికీ ఉంది. మామూ వాళ్ల ట్రంపెట్ గరాటు మీద ఉర్దూలో 'మీరఠ్' అని చెక్కి ఉండేది. స్కూల్లో అలిఫ్ బే నేర్చుకున్న నాకు, స్కూలు బయట చదవగలిగిన మొదటి మాటల్లో అదొకటి.

ఊపిరితో వాయించే వాద్యాలకూ మనవాళ్లకూ బంధం పాతదే. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం పట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. గుళ్లలో, పెళ్లిళ్లలో సన్నాయి ఊదే ముస్లిం కుటుంబాలు కోస్తా అంతటా ఉన్నాయి. మా మామూ చినమౌలానా సాహెబ్ పేరు ఎత్తితే ముందు చెవి తమ్మె ముట్టుకునేవాడు. ఉస్తాద్‌ల పేరు పలికేటప్పుడు చేసే అదబ్ అది. నాకప్పుడు నవ్వొచ్చేది.

ఆ ఏడాది మామూ బ్యాండుకు ఎక్కడికి పోయినా అడిగే పాట ఒకటుండేది. 'ఎల్లువొచ్చి గోదారమ్మ'. అప్పటికే దానికి తొమ్మిదేళ్లు. 1982లో వచ్చిన 'దేవత'లోది. రాసింది వేటూరి, కట్టింది చక్రవర్తి, పాడింది బాలు, సుశీల. రామానాయుడు నిర్మాత, రాఘవేంద్రరావు డైరెక్టర్. వరసలుగా పేర్చిన బిందెల మధ్య శోభన్‌బాబు, శ్రీదేవి ఆడతారు. రెండో హీరోయిన్ జయప్రద మా రాజమండ్రి అమ్మాయే. గోదారి పేరున్న పాట, గోదారి ఊళ్లో పెళ్లి. ఇంకేం కావాలి?

మామూ దాన్ని ఎలా వాయించేవాడో ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది. మాటలన్నీ తీసేశాడు. బాలు వంతు ట్రంపెట్‌కు ఇచ్చి, సుశీల వంతు తన క్లారినెట్‌కు ఉంచుకున్నాడు. తబలా నడకను తీసేసి, కాళ్లు కదిలేలా కవాతు దెబ్బ పెట్టాడు. పల్లవి అయిపోగానే చరణానికి పోకుండా, ఎదురుగా ఆడేవాళ్లు అలిసిపోయేదాకా పల్లవినే తిప్పి తిప్పి కొట్టేవాడు. పాటను విడగొట్టడం, దరువు మార్చడం, బాగున్న ముక్కను చక్రంలా తిప్పడం. డీజేలు చేసే పని ఇదే. కరెంటు అవసరం లేకుండా మామూ చేశాడు. నేను విన్న మొదటి రీమిక్స్ నా నెత్తి మీదే మోగింది.

ఒక్క తేడా ఉంది. అది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. పాట ఎత్తుకునే ముందు మామూ బ్యాండువాళ్ల వైపు తిరిగి "చక్రవర్తి సాబ్‌ది" అని కేకేసేవాడు. పాట పేరు చెప్పేవాడు కాదు, కట్టినవాడి పేరు చెప్పేవాడు. పెళ్లివారికీ వినపడేది.

'దేవత' వచ్చిన 1982లోనే బొంబాయిలో ఇంకో పని జరిగింది. సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన, జపాన్ రోలాండ్ కంపెనీ కొత్తగా తెచ్చిన సింథసైజర్లు, డ్రమ్ మెషీన్ ముందేసుకుని పది రాగాల్ని డిస్కో దరువు మీద వాయించి రికార్డు వేశాడు. దాన్ని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత అమెరికా చికాగోలో అవే యంత్రాలతో 'యాసిడ్ హౌస్' అనే నాట్య సంగీతం పుట్టి ప్రపంచమంతా పాకింది. ఈయన రికార్డు 2010లో మళ్లీ బయటికొస్తే తెల్లవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

అసలు రీమిక్స్ అనే పద్ధతికి నాంది పలికింది జమైకా పేదలు. కింగ్‌స్టన్ నగరంలో కింగ్ టబ్బీ అనే ఆయన రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేరు చేసేవాడు. పాటలో గొంతు తీసేసి, డ్రమ్మూ బేసూ పైకి తెచ్చి, మధ్యమధ్య ప్రతిధ్వని కలిపి వీధి పెట్టెల్లో వినిపించాడు. దానికి 'డబ్' అని పేరొచ్చింది. 1970లలో న్యూయార్కులో టామ్ మౌల్టన్ లాంటివాళ్లు డాన్స్ కోసం పాటల్ని సాగదీసి పెద్ద రికార్డుల మీద వేశారు. రాక్ బ్యాండ్ల వాళ్లు మొదట దీన్ని చిన్నచూపు చూశారు. మేం చేత్తో వాయించేవాళ్లం, మీరు మీటలు తిప్పేవాళ్లు అని. 1990లో ఆ గోడ కూలింది. ప్రైమల్ స్క్రీమ్ అనే స్కాట్లాండ్ బ్యాండు పాటొకటి పెద్దగా ఆడలేదు. దాన్ని ఆండ్రూ వెదరాల్ అనే డీజేకి ఇచ్చారు. ఆయన పాటను దాదాపు మొత్తం చెరిపేసి 'లోడెడ్' పేరుతో కొత్తగా కట్టాడు. ఆ బ్యాండుకు మొదటి పెద్ద హిట్ అదే. అదే ఏడాది 'ద క్యూర్' అనే ఇంగ్లండు బ్యాండు తన పాత పాటల రీమిక్స్‌లతోనే ఒక ఆల్బం వేసింది. పన్నెండేళ్ల తర్వాత లింకిన్ పార్క్ నడిచిన బాట అదే.

ఆ 1990 మనకూ ముఖ్యమే. నుస్రత్ ఫతే అలీ ఖాన్ సాహెబ్ 'మస్త్ మస్త్' ఆల్బం ఆ ఏడాదే. దాని చివర మాసివ్ అటాక్ అనే బ్రిస్టల్ బృందం చేసిన రీమిక్స్ ఒకటుంది. దర్గా ముందు చప్పట్లతో పాడే ఖవ్వాలీ లండన్ క్లబ్బుల్లో మోగింది. ఆ వెంటనే బర్మింగ్‌హామ్‌లో పెరిగిన బాలీ సగూ అనే పంజాబీ కుర్రాడు కూడా నుస్రత్ గొంతుకు బేసు జోడించాడు. 1996 క్రికెట్ ప్రపంచ కప్ అప్పుడు కోకా కోలా యాడ్‌లో నుస్రత్ గొంతు మోగుతుంటే, మా వీధి టీవీ ముందు హిందూ ముస్లిం పిల్లలం అందరం ఒకేలా ఊగాం. దాని మాటల అర్థం నాకొక్కడికే తెలుసని కాస్త గర్వం కూడా.

మన దగ్గర క్లబ్బులు లేవు, క్యాసెట్లు ఉన్నాయి. 'ఝంకార్ బీట్స్' అని అట్ట మీద వేసి, పాత హిందీ పాటలకు ఎలక్ట్రానిక్ దరువు అద్ది అమ్మేవాళ్లు. రఫీ సాబ్ గొంతు వెనక టక్ టక్ మని ఒకటే చప్పుడు. అబ్బాకు మంట. "నమాజ్‌లో ఉన్నవాడి వీపు మీద తబలా వాయించినట్టుంది" అనేవాడు. కానీ సంక్రాంతికి కోడిపందాల బరుల పక్కన వేసే రికార్డింగ్ డాన్సులకు ఆ ఝంకారే కావాలి. పెద్ద బాక్సుల్లో దెబ్బ తెలియాలి కదా.

ఒకరి పాట మీద ఇంకొకరు తమ పాట కట్టడం పాపమా? ఉర్దూ మీడియంలో చదివి, తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కాబట్టి నాకు ఈ ప్రశ్న రెండు వైపుల నుంచీ వచ్చింది. రెండు వైపులా జవాబు ఒకటే.

ఉర్దూ షాయరీలో 'తజ్మీన్' అని ఒక పద్ధతి ఉంది. పాత షాయర్ రాసిన షేర్‌ను తీసుకుని, దానికి మన మిస్రాలు జోడించి కొత్త బంద్ కట్టడం. గాలిబ్ మీద ఎంతమంది తజ్మీన్లు రాశారో. తర్హీ ముషాయిరాలో అయితే ముందే ఒక మిస్రా ఇచ్చేస్తారు. అందరూ అదే బహర్, అదే ఖాఫియా, రదీఫ్‌లలో గజల్ కట్టుకుని రావాలి. ఇది దొంగతనమని ఎవరూ అనలేదు. కానీ ఎవరి మిస్రానో చెప్పకుండా చదివితే పరువు పోయేది. డిగ్రీలో తెలుగు మాస్టారు అవధానం గురించి చెప్పి సమస్యాపూరణం వివరిస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఇచ్చిన పాదం ఒకరిది, నింపే మూడు పాదాలు ఇంకొకరివి. ఇచ్చిన పృచ్ఛకుడి పేరు సభకు తెలుసు.

చదువులు అక్కర్లేని చోట కూడా ఇదే పద్ధతి. మీలాద్ మజ్లిస్‌లో చదివే చిన్న నాత్ పుస్తకాలు చూడండి. నాత్ పైన 'తర్జ్' అని రాసి ఏదో సినిమా పాట మొదటి మాటలు వేస్తారు. పక్క వీధి భజన పుస్తకంలోనూ అంతే. 'ఫలానా పాట వరస' అని ఉంటుంది. ఆ ఒక్క లైను రసీదు లాంటిది. ఈ బాణీ నాది కాదు, అరువు తెచ్చుకున్నాను అని ఒప్పుకోవడం. రూపాయి ఇవ్వలేనివాడు కూడా పేరు ఇవ్వగలడు. బ్యాండువాళ్ల వైపు తిరిగి మామూ కేక వేసింది అదే రసీదు.

2003 పుష్కరాలు. ఆ ముందటేడు 'కాంటా లగా' రీమిక్స్ వచ్చి దేశమంతా ఊగిపోయింది. 1972 నాటి 'సమాధి' సినిమా పాట అది. రాసింది మజ్రూహ్ సుల్తాన్‌పురి, కట్టింది ఆర్.డి. బర్మన్, పాడింది లతా. మా ఈడు పిల్లల్లో ఆ వీడియోలో అమ్మాయిని చూడనివాడు లేడు, మజ్రూహ్ పేరు తెలిసినవాడు లేడు. రాజమండ్రిలో నా దోస్త్ ఒకడికి క్యాసెట్ల కొట్టు ఉండేది. కంప్యూటర్ కొన్నాడు. ఫ్రూటీ లూప్స్ అనే సాఫ్ట్‌వేర్ సంపాదించాడు. డ్రమ్ముల్ని గళ్లలో చుక్కలు పెట్టినట్టు పేర్చుకుంటూ పోవచ్చు అందులో. పుష్కరాలకు జనం లక్షల్లో వస్తారు, గోదారి పాటల రీమిక్స్ సీడీ వేద్దామన్నాడు. ముందు ఒక నిమిషం సొంతంగా ఏదైనా ఉండాలి, మీ మామూ చేత క్లారినెట్ ఊదిద్దామన్నాడు.

అప్పటికి మామూ బ్యాండుకు బేరాలు తగ్గాయి. వెనక కొట్టు గదిలో, ఫ్యాను ఆపేసి, పరుపు గోడకు ఆనించి రికార్డు చేశాం. సినిమా పాట కాదు. పల్లవి మొదలయ్యే ముందు మామూ ఎప్పుడూ సొంతంగా ఊదే ఆలాపన ఒకటుంది, అది. చివర్లో గట్టిగా గాలి పీల్చుకుని పై స్వరానికి ఎక్కుతాడు. చెమటలు తుడుచుకుంటూ ఊదాడు. నా దోస్త్ ఐదొందలు చేతిలో పెట్టాడు. మామూ షుక్రియా చెప్పి వెళ్లిపోయాడు. ఆ ముక్కను కోసి, ఎనిమిది మాత్రల చక్రంలో తిప్పి, కింద దరువు పెట్టారు. గాలి పీల్చుకునే చప్పుడు తీసేద్దామంటే దోస్త్ ఒప్పుకోలేదు, దానివల్లే ఊపు వస్తోందన్నాడు.

అట్ట మీద మాటలు రాసే పని నాది. తెలుగు డిగ్రీవాణ్ణి కదా. దోస్త్ పేరు రాశాను, కొట్టు పేరు రాశాను, 'సమర్పణ' అని నా పేరూ రాసుకున్నాను. వేటూరి పేరు లేదు, చక్రవర్తి పేరు లేదు. మామూ పేరు లేదు. చోటు చాలకా? కాదు. తోచలేదు, అంతే. చక్రవర్తి గారు పోయి అప్పటికి ఏడాదిన్నర. సీడీ చేతిలో పెడితే మామూ అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన తెలుగు చదవలేడు. "అచ్ఛా హై బేటా" అన్నాడు.

ఆ తర్వాత రీమిక్స్ తెలుగు సినిమాలోకే రాజమార్గంలో వచ్చింది. 2007లో 'యమదొంగ'లో 'ఓలమ్మి తిక్కరేగిందా'. 1977 'యమగోల'లో చక్రవర్తి కట్టిన పాట. మళ్లీ చేసింది కీరవాణి. ఆయన మా ఎదురు గట్టు కొవ్వూరులో పుట్టినవాడు, 1987లో చక్రవర్తి దగ్గరే అసిస్టెంటుగా చేరి పని నేర్చుకున్నవాడు. ఉస్తాద్ పాటను షాగిర్ద్ మళ్లీ కట్టాడన్నమాట. రెండేళ్లకు 'మగధీర'లో 'బంగారు కోడిపెట్ట'. 1992 'ఘరానా మొగుడు'లో ఆ పాట కట్టిందీ ఆయనే కాబట్టి, తన పాటకు తానే తజ్మీన్ రాసుకున్నాడు. 2012లో 'రచ్చ' వచ్చింది. 'గ్యాంగ్ లీడర్'లో తండ్రి ఆడిన వాన పాటకు కొడుకు ఆడాడు. చివరికి 2019లో 'గద్దలకొండ గణేష్'. మా 'ఎల్లువొచ్చి గోదారమ్మ'ను మిక్కీ జె. మేయర్ కొత్త హంగులతో తెచ్చాడు. గాయకులుగా మళ్లీ బాలు, సుశీల పేర్లే పడ్డాయి. ఆ అక్షరాలు చూసి నాకు సంతోషమేసింది, సిగ్గూ వేసింది.

ఖానూన్ ఏమంటుందో కూడా చూశాను, జర్నలిస్టు బుద్ధి. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. పాట రాసినవాడికి, కట్టినవాడికి రాయల్టీలో వాటా హక్కును ఎవరూ రాయించేసుకోకుండా చేశారు. దానికోసం రాజ్యసభలో గట్టిగా మాట్లాడింది జావేద్ అఖ్తర్, జాఁ నిసార్ అఖ్తర్ కొడుకు. షాయర్ల ఇంట్లో పుట్టినవాడికి ఆ బాధ తెలుసు. అదే చట్టంలో ఇంకో మాట: మొదటి రికార్డింగు చేసిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడవందే ఆ పాటకు ఇంకొకరు కవర్ వెర్షన్ వేయకూడదు. వాయించినవాడికి, పాడినవాడికి కూడా తన పేరు చెప్పించుకునే హక్కు ఉందని రాశారు. మామూలాంటి వాద్యగాడు కూడా అందులోకి వస్తాడు.

చట్టం పెద్దవాళ్ల మధ్య కూడా తగువులు తీర్చలేకపోయింది. 2017లో బాలు అమెరికాలో పాడుతుంటే, నా పాటలు నా అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా లాయరు నోటీసు పంపించారు. 2020లో 'మసక్కలీ' రీమిక్స్ వచ్చినప్పుడు ఏ.ఆర్. రెహమాన్, అసలు పాట విని ఆనందించండి అని జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇంకో సెక్షను. పెళ్లి ఊరేగింపులో, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో పాటలు వాయించుకుంటే కాపీరైట్ ఉల్లంఘన కాదు. 52వ సెక్షనులో రాసి ఉంది. అంటే మామూ బారాత్‌లో వాయించింది ఖానూన్ ప్రకారం జాయెజ్. ఇప్పుడు అదే బారాత్‌లో డీజే పిల్లవాడు మోగించేదీ జాయెజే. ఇది చదివాక డీజేల మీద నాకున్న కోపం సగం చచ్చింది. బ్యాండు మేళాన్ని మింగేశారని తిట్టుకునేవాణ్ణి. కానీ టాటా ఏస్ మీద బేస్ బాక్సులు పేర్చుకుని, జనరేటర్ డీజిలు ఖర్చు లెక్కపెట్టుకుంటూ, పది దాటితే పోలీసులు ఆపేస్తారని గడియారం చూసుకునే ఆ పిల్లలు ఎవరు? నిన్నటి బ్యాండు కుర్రాళ్లే. కొందరు మా వీధివాళ్లే. మామూ చక్రవర్తి పాట ఎత్తుకున్నాడు, వీళ్లు మామూ పొట్ట మీదికి వచ్చారు. పాట ఎత్తుకోవడంలో ఇద్దరికీ తేడా లేదు.

తేడా ఎక్కడంటే, ఇప్పటి డీజే మిక్స్ వినండి. ప్రతి నిమిషానికి ఒక గొంతు అరుస్తుంది: ఫలానా డీజే, ఫలానా ఊరు, ఫోన్ నంబరుతో సహా. రీమిక్స్ చేసినవాడి పేరు పాటలోనే దిగ్గొట్టి ఉంటుంది, ఎవరూ చెరపలేరు. పాట ఎవరిదో మాత్రం ఎక్కడా ఉండదు. వాళ్లనేం అంటాను? దారి చూపించినవాళ్లలో నేనూ ఉన్నాను.

2015 పుష్కరాలు. మామూ పోయి నాలుగేళ్లు. ఆ ఏడాదే వినాయక నిమజ్జనం రోజు ముమానీని ఆస్పత్రి నుంచి ఆటోలో తెస్తున్నాను. జాంపేట దగ్గర ఊరేగింపు అడ్డొచ్చి ఆగిపోయాం. డీజే లారీ పక్కనే. ఆటో రేకు వణుకుతోంది. ముమానీ కొంగుతో చెవులు మూసుకుని కూర్చుంది. పాట మారింది. దరువు మీద క్లారినెట్. ఎనిమిది మాత్రలు, గాలి పీల్చిన చప్పుడు, పై స్వరం. మళ్లీ ఎనిమిది మాత్రలు, మళ్లీ ఆ గాలి. ముమానీ చెవుల మీది నుంచి చేతులు తీసేసింది.

"యే ఉనోఁచ్ హైఁ నా రే?" అంది. ఈయన ఆయనే కదూ అని.

భర్త పేరు ఎన్నడూ నోటితో పలకని మనిషి. ముప్పై ఏళ్లు పక్కన పడుకుని విన్న ఊపిరిని గుర్తుపట్టింది. లారీ మీద గొంతు ఎవరిదో డీజే పేరు అరిచింది. ఆమె నా వైపు తిరిగి, "వీళ్లకు ఆయన తెలుసా?" అని అడిగింది. తెలియదు అన్నాను. ఎందుకు తెలియదో చెప్పలేదు. ఆ సీడీ ఎన్ని చేతులు మారిందో, ఎన్ని కంప్యూటర్లలో కోతలు పడిందో. ఎవరు ఎంత కోసినా ఆ గాలి చప్పుడు మాత్రం వదల్లేదు. దానివల్లే ఊపు వస్తుంది కదా.

ఈ రంజాన్‌కి మా మేనల్లుడి ఫోన్లో ఆ చిట్టా చూసిన రాత్రి, ముమానీ దగ్గరికి పోయి చెప్పేశాను. అట్ట నేనే రాశానని, పేరు నేనే వదిలేశానని. అమానత్‌లో ఖయానత్ చేశానని మాఫీ అడిగాను. ఆమె చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ ఊరుకుంది. తర్వాత అంది: "నాకు కాదు. ఆయన పాట ఎవరి దగ్గరుందో వాళ్లకు చెప్పు."

నేనూ మా వాడూ మా వీధి డీజే పిల్లవాడి దగ్గరికి పోయాం. వాడి పెన్‌డ్రైవులో ఆ ముక్క ఉంది, 'క్లారినెట్ బిట్' అనే పేరుతో. అది మా మామూ అని చెప్తే ముందు నమ్మలేదు. నేను ఆ ఆలాపన మొత్తం, వాడి దగ్గర లేని భాగంతో సహా నోటితో పాడి వినిపించాను. అప్పుడు సౌండు తగ్గించి, "పేరు చెప్పండి అన్నా, ట్యాగ్ వేస్తా" అన్నాడు. మా వాడే మైకులో పలికాడు. మామూ పేరు, ఊరు, ఆ తర్వాత వేటూరి పేరు, చక్రవర్తి పేరు. అంతా కలిపి ఆరు సెకండ్లు. తన పేరు అరిచే చోటు కొంచెం జరిపి డీజే పిల్లవాడు ఆ ఆరు సెకండ్లు ఇరికించాడు. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు.

మిగతా పెన్‌డ్రైవులకు ఇది చేరుతుందో లేదో. ఊరికొక డీజే ఉన్నాడు. చేరినా కొందరు కోసి పారేస్తారు. 2027లో మళ్లీ పుష్కరాలు వస్తున్నాయి. ఈలోగా తాడేపల్లిగూడెం వైపు, కోనసీమ వైపు తెలిసిన డీజే పిల్లలందరికీ మా వాడు కొత్త ఫైలు పంపిస్తున్నాడు. చదివేవాళ్లలో ఎవరి దగ్గరైనా పాత బ్యాండు మేళం క్యాసెట్టు ఉంటే, దాని మీద వాయించినవాళ్ల పేర్లు ఇవాళే రాసి పెట్టండి. అడిగితే చెప్పేవాళ్లు ఇంకా కొందరు బతికి ఉన్నారు.

ఇంత రాసి మామూ పేరు ఇక్కడ రాయలేదేమని మీరు అడుగుతారు. ముమానీ ఒప్పుకోలేదు. పేరు పోయింది పాటలోంచి, కాగితంలోంచి కాదు, పాటకే ఇచ్చెయ్యి అంది. ఇచ్చేశాం. ఎప్పుడైనా గోదారి గట్టున డీజే లారీ పక్కన ఇరుక్కుంటే, చెవులు మూసుకునే ముందు ఒక్క ఆరు సెకండ్లు ఆగండి.